వెబ్ ప్రమాణాల సర్వేకు జనం ఎందుకు పలకరు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకొని జవాబులోకి వస్తాను. వెబ్ ప్రమాణాలను, అంటే వెబ్ పేజీలు ఎక్కడైనా ఒకేలా పనిచేయడానికి అందరూ పాటించే నియమాలను, నిర్ణయించే సంస్థల పాలనపై ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికి మీరు కావలి, నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ఒక సర్వే చేశారు. కళాశాలల వాట్సాప్ గ్రూపుల ద్వారా, తెలిసినవారి ద్వారా కొన్ని వందల మందికి ఫారం పంపితే నెల రోజుల్లో ఇరవై మూడు సమాధానాలే వచ్చాయి, అందులోనూ ఎక్కువ భాగం మీ విద్యార్థులవే. మన జిల్లాల ప్రజలకు ఈ విషయంలో ఆసక్తి లేదని నివేదికలో రాయవచ్చా, లేక సర్వేలోనే లోపం ఉందా అన్నది మీ సందేహం.

ఆసక్తి లేదని మాత్రం రాయకండి. ఆ ఇరవై మూడు సమాధానాల నుంచి ఆ మాట తేలదు. నేను నెల్లూరులో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు అక్షరాలతోనే బతుకుతున్నవాణ్ణి. మొదట డీటీపీ, తర్వాత వెబ్‌సైట్లు చేశాను. ఒక పదిహేనేళ్లుగా వీలు చిక్కినప్పుడల్లా ప్రమాణాల ముసాయిదాలపై వ్యాఖ్యలు కూడా పంపుతున్నాను. నేను చూసినంతలో ఇలాంటి సర్వేలకు పలకనివారు రెండు రకాలుగా ఉంటారు. ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో బాగా తెలిసి, ఫారంలో టిక్కు పెట్టినంత మాత్రాన అక్కడ ఏదీ కదలదని ఎరిగి ఊరుకునేవారు ఒక రకం. అలాంటి వ్యవస్థ ఒకటి ఉందన్న సంగతే తెలియక, దాని తప్పొప్పులను మాత్రం రోజూ తమ పనిలో అనుభవించేవారు రెండో రకం. మొదటివారి మౌనానికీ రెండోవారి మౌనానికీ పొంతన లేదు. మీ ఫారం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది.

మొదటి రకం వారి సంగతి త్వరగా ముగిస్తాను. వెబ్ ప్రమాణాలకు పెద్ద దిక్కుగా చెప్పుకునే డబ్ల్యూ3సీని 1994లో టిమ్ బెర్నర్స్-లీ స్థాపించారు. 2023 జనవరి 1 నుంచి అది లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. అందులో సభ్యత్వం ప్రధానంగా సంస్థలది. సంస్థ స్థాయిని బట్టి, దేశాన్ని బట్టి రుసుము ఉంటుంది, ప్రతి సభ్య సంస్థకూ సలహా సంఘంలో ఒక ప్రతినిధి ఉంటారు, ఓటు ఆ ప్రతినిధిదే. మనం రోజూ చూసే వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణమైతే 2019 మే నెలలో కుదిరిన ఒప్పందం ప్రకారం వాట్‌డబ్ల్యూజీ (WHATWG) అనే బృందం చేతిలో ఉంది. దాని నిర్వాహక బృందంలో ఉన్నవి యాపిల్, గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్, అంటే బ్రౌజర్లు తయారుచేసే నాలుగు సంస్థలు. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ చూసే ఐఈటీఎఫ్‌లో సభ్యత్వమే లేదు, ఎవరైనా చేరి మాట్లాడవచ్చు. కానీ అక్కడ ఓట్లు లెక్కపెట్టరు. ఏకాభిప్రాయం అంటే తలలు లెక్కించడం కాదని, ఒక్కరు లేవనెత్తిన అభ్యంతరమైనా సాంకేతికంగా సరైనదైతే దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోరాదని 2014లో వారే ఒక పత్రంలో వివరంగా రాసుకున్నారు.

ఓటు హక్కు ఉన్నవారు సైతం అందరూ ఓటు వేయరన్న సంగతి కూడా మీ నివేదికలో చేర్చండి. వెబ్ వీడియోలకు తాళం వేసే ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్ ప్రమాణంపై 2017లో డబ్ల్యూ3సీలో పెద్ద రగడ జరిగి, అప్పీలు దాకా వెళ్లి, సభ్యుల ఓటింగు పెట్టారు. నాలుగు వందలకు పైగా సభ్య సంస్థలున్న చోట, ప్రపంచమంతా చూస్తున్న వివాదంలో, పోలైన ఓట్లు 185. అనుకూలంగా 108, వ్యతిరేకంగా 57, తటస్థంగా 20. ఫలితం వెలువడిన సెప్టెంబరులోనే, దాన్ని వ్యతిరేకించిన ఇంటర్నెట్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సభ్యత్వానికి రాజీనామా చేసింది. రుసుము కట్టి, ఇదే పనికి మనిషిని నియమించుకున్న సంస్థల్లోనే సగానికి పైగా మౌనంగా ఉంటే, కావలిలో కంప్యూటర్ సెంటరు నడుపుకునే మనిషి మీ ఫారం నింపలేదని నొచ్చుకోనక్కరలేదు.

ఇక్కడొక చిక్కు ఉంది, సర్వేలు చేసేవారు సాధారణంగా దీన్ని గమనించరు. డబ్ల్యూ3సీ నియమావళి ప్రకారం, ముసాయిదా సమీక్ష దశలో ఉన్నప్పుడు బయటి మనిషి పంపిన వ్యాఖ్యలో పస ఉంటే, సంబంధిత కార్యబృందం దాన్ని పరిశీలించి జవాబు చెప్పి తీరాలి. వ్యాఖ్య పంపినవారికి సభ్యత్వం ఉందా, లేదా అన్నది అడగరు. సర్వే సమాధానానికి అలాంటి పూచీ ఏదీ లేదు. ఈ తేడా తెలిసినవాడికి పది నిమిషాలు దొరికితే సర్వే నింపడు, ఆ సమయంలో, ముసాయిదాలను బహిరంగంగా పెట్టి చర్చించే సైటైన గిట్‌హబ్‌లో ఒక ఇష్యూ, అంటే సమస్యను తెలిపే నమోదు, రాస్తాడు. మీరు అతణ్ణి సర్వేలో పాల్గొనని వ్యక్తిగా లెక్కించారు. నన్నూ అలాగే లెక్కించి ఉంటారు. మీ ఫారం నాకూ వచ్చింది, నేను నింపలేదు.

రెండో రకం వారి దగ్గర కాస్త ఆగాలి. మీరు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది.

రెండేళ్ల కిందట ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఉన్న ఒక డీటీపీ దుకాణంలో పని పడి కూర్చున్నాను. మీ ఫారం లాంటిదే మరొకటి అప్పట్లో తిరుగుతుండేది. దాన్ని ఆపరేటర్‌కు చూపించి, నింపి చూడమన్నాను. ముప్పై అయిదేళ్ల మనిషి, తెలుగు టైపింగులో చెయ్యి తిరిగినవాడు, చిన్నచిన్న వెబ్‌సైట్లూ చేస్తాడు. మూడో ప్రశ్నలో "బహుళ భాగస్వామ్య పాలనా నమూనా యొక్క చట్టబద్ధతను మీరు ఏ మేరకు అంగీకరిస్తారు" అని ఉంది, కింద ఒకటి నుంచి అయిదు దాకా గళ్లు. అతను రెండుసార్లు చదివి, "ఇదేంది సార్, దీనికేం పెట్టమంటారు?" అని నా మొహం చూశాడు. నేను ఏమీ చెప్పకపోయేసరికి మూడు మీద నొక్కాడు. తర్వాతి ప్రశ్నలన్నింటికీ చూడకుండానే మూడు నొక్కుకుంటూ పోయాడు. ఆ సర్వే చేసినవారు ఆ వరుసను "తటస్థ అభిప్రాయం" కింద రాసుకొని ఉంటారు.

ఫోన్ పక్కన పెట్టించి, వెబ్‌సైట్లలో తెలుగు రాసేటప్పుడు ఏమైనా ఇబ్బంది పడుతున్నావా అని అడిగాను. కుర్చీ ఇటు తిప్పుకొని అరగంట చెప్పాడు. ఒక కల్యాణ మండపం వారికి చేసిన పేజీ తెరిచి చూపించాడు. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దదిగా, ఎర్రగా చూపించే ఏర్పాటు వెబ్ పేజీ రూపురేఖలు నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఉంది కదా, దాన్ని వాడాడు. మనవాళ్ల పేరా దేనితో మొదలవుతుంది? "శ్రీ"తోనే. ఆ పాత కంప్యూటర్ తెర మీద "శ్" ఒక్కటే ఎర్రగా, పెద్దగా నిలబడి ఉంటే, "రీ" చిన్నదై నల్లగా పక్కన పడి ఉంది. మండపం యజమాని దాన్ని చూసి అపశకునమని గోల చేశాడట. చివరికి "శ్రీ"ని బొమ్మగా చేసి అతికించి పని గడుపుకున్నాడు. అలా బొమ్మగా పెట్టి, దానికి మాటల్లో వివరణ జతచేయకపోతే గూగుల్ వెతుకులాటలో ఆ పదం దొరకదని, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని దాటేస్తుందని కూడా అతనికి తెలుసు. తెలిసీ, వేరే దారి లేక పెట్టాడు.

ఇది ఆ బ్రౌజర్ లోపమే కావచ్చు, కానీ దాని వేరు ఇంకా కిందికి ఉంది. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో "శ్రీ" అంటే నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిలో ఎన్ని కలిపితే చదువరికి ఒక అక్షరం అవుతుందో చెప్పే నియమం యూనికోడ్ ప్రమాణంలో ఉంది. చాలా ఏళ్లపాటు ఆ సాధారణ నియమం పొల్లు దగ్గర ఆగిపోయేది. అంటే దాని లెక్కలో "శ్" ఒకటి, "రీ" ఒకటి, "లక్ష్మి" నాలుగు ముక్కలు. పలకా బలపం పట్టిన పిల్లవాడికి "లక్ష్మి" రెండక్షరాలు. సంయుక్తాక్షరాన్ని విరగ్గొట్టకూడదన్న నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో చేరింది, తెలుగు అందులో ఉంది. యూనికోడ్‌లోకి తెలుగు వచ్చింది 1991లో. మధ్య గడిచిన ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని డీటీపీ దుకాణాల్లో ఎందరు "శ్రీ"ని బొమ్మగా అతికించి ఉంటారో ఊహించుకోండి. వారిలో ఎవరినైనా ప్రమాణాల పాలన గురించి అడిగితే మూడు మీద నొక్కేవారే.

మన ప్రాంతం సంగతితోనే చెబుతాను. ఎడగారుకు, అంటే రెండో పంటకు, ఎన్ని ఎకరాలకు నీళ్లిస్తారో తేల్చే సాగునీటి సలహా మండలి (ఐఏబీ) సమావేశం అంటే పెన్నా డెల్టాలో ప్రతి రైతూ చెవి రిక్కిస్తాడు. సోమశిల జలాశయంలో ఎన్ని టీఎంసీలు ఉన్నాయో నోటికి చెబుతాడు. అదే రైతును నీటి సంఘం నియమావళి మీద చర్చకు రమ్మంటే రాడు. నీళ్ల మీద ఆసక్తి లేదని దాని అర్థం కాదు. పైగా కాలువ మొదట్లో ఉన్నవాడైనా వస్తాడేమో గానీ, చివరి భూముల రైతు అసలు రాడు. నీటి పంపకంలో అందరికన్నా నష్టపోయేవాడు అతనే, కబురు అందరికన్నా ఆలస్యంగా చేరేదీ అతనికే. వెబ్ ప్రమాణాల కాలువలో తెలుగువాళ్లం చివరి భూముల వాళ్లం. సమావేశాలు దూరంగా జరగడమే కారణమన్న వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఇంటర్నెట్ పాలనా వేదిక 2008 డిసెంబరులో, వెబ్‌సైట్ల పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 57వ సమావేశం 2016 నవంబరులో హైదరాబాదులోనే జరిగాయి. ఐకాన్ సమావేశాలకు ప్రవేశ రుసుము కూడా ఉండదు. ఒంగోలులో రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి దిగవచ్చు. కానీ అక్కడ మాట్లాడే విషయానికీ తన తెర మీది "శ్రీ"కీ సంబంధం ఉందని ఆ డీటీపీ ఆపరేటర్‌కు చెప్పినవారు లేరు.

ఆ సంబంధం తెలిసినప్పుడు జనం పలుకుతారనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంటర్నెట్ సేవల నియంత్రణపై ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. నూటికి పైగా పేజీలు, ఇరవై ప్రశ్నలు, అంతా నిపుణుల భాష. మామూలుగా అయితే పదుల్లో, మహా అయితే వందల్లో సమాధానాలు వచ్చే బాపతు. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ఆ ప్రశ్నలను మామూలు మాటల్లోకి మార్చి, సమాధానాల నమూనా తయారుచేసి, ఒక్క నొక్కుతో మెయిలు వెళ్లే ఏర్పాటు చేశారు. గడువు ముగిసేసరికి పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 8న వేర్వేరు సైట్లకు వేర్వేరు ధరలు వసూలు చేయడాన్ని నిషేధిస్తూ ట్రాయ్ నిబంధనలు తెచ్చింది. "వాట్సాప్‌కు విడిగా డబ్బు కట్టాలట" అన్న ఒక్క మాట చాలింది; "నెట్ న్యూట్రాలిటీ" అన్న పదం, అంటే సైట్లన్నింటినీ సమానంగా చూడాలన్న సూత్రం, ఆ తర్వాత నేర్చుకున్నారు.

అయితే ఆ ఉదంతాన్ని పూర్తిగా ఆదర్శంగా తీసుకోకండి. రెండో విడత సంప్రదింపుల్లో ఫేస్‌బుక్ కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా వాడకందార్ల చేత లక్షల్లో మెయిళ్లు పంపిస్తే, అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబులు లేవని ట్రాయ్ తప్పుపట్టింది. మొదటి విడతలో వచ్చిన మెయిళ్లను పంపినవారి చిరునామాలతో సహా ట్రాయ్ తన సైటులో పెట్టేసింది కూడా. ఆ అనుభవం తర్వాత అభిప్రాయం చెప్పడానికి జంకేవారిని నేను తప్పుపట్టలేను. మీ ఫారంలో మొదటి గడిలోనే ఫోన్ నంబరు తప్పనిసరి చేశారు. బ్యాంకు మోసాల కాల్స్ రోజూ వస్తున్న ఈ కాలంలో ముక్కూమొహం తెలియని ఫారంలో నంబరు ఎవరు రాస్తారు? మీకు వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం మీ విద్యార్థులవి కావడానికి అసలు కారణం అదేనని నా అనుమానం; మీరు వారికి తెలుసు.

అడుగడుక్కీ ఎంతమంది రాలిపోతారో చూడాలంటే ఐకాన్ 2000లో జరిపిన ఎన్నికలు చూడండి. ఇంటర్నెట్ వాడే సామాన్యులే అయిదుగురు డైరెక్టర్లను ఎన్నుకోవాలని పెట్టిన ఎన్నికలవి. ప్రపంచవ్యాప్తంగా లక్షన్నరకు పైగా జనం పేర్లు నమోదు చేసుకున్నారు. పోస్టులో వచ్చే పిన్ నంబరుతో మళ్లీ సైటులోకి వెళ్లి సభ్యత్వాన్ని ఖరారు చేసుకోవాలి. అలా చేసుకున్నవారు సుమారు 76 వేలు. చివరికి ఓటు వేసినవారు సుమారు 34 వేలు. ప్రతి మెట్టు దగ్గరా సగం మంది ఆగిపోయారు. ఆ పద్ధతిలో ఐకాన్ మళ్లీ ఎన్నికలు జరపలేదు. ఆగినవారందరికీ ఆసక్తి చచ్చిందని ఎవరు చెప్పగలరు? ఒక ఉత్తరం పోస్టులో తప్పిపోయినా అక్కడితో సరి.

సంఖ్య తక్కువైనంత మాత్రాన సర్వే పనికిరానిదైపోతుందన్న భయం కూడా పెట్టుకోకండి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా ఓటు పత్రాలు పంపి, తిరిగి వచ్చిన ఇరవై లక్షలకు పైగా పత్రాల ఆధారంగా లాండన్ గెలుస్తాడని చెప్పింది; రూజ్‌వెల్ట్ భారీ మెజారిటీతో గెలిచాడు. పంపిన జాబితాలో ఫోనూ కారూ ఉన్నవారు ఎక్కువ కావడం ఒక లోపమైతే, తిరిగి పంపినవారి తరహా పంపనివారి తరహాకు భిన్నంగా ఉండడం అంతకు తక్కువ లోపమేమీ కాదు. కాబట్టి మీ ఇరవై మూడును రెండు వేల మూడు వందలు చేసుకోవాలని తంటాలు పడేకన్నా, ఎవరెవరు రాలేదో పేరుపేరునా కాకపోయినా వృత్తివృత్తినా రాసుకోండి: డీటీపీ ఆపరేటర్లు, మీసేవ కేంద్రాలవారు, గ్రామ సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్లు, స్థానిక విలేకరులు, చూపు లేని విద్యార్థులు, వారి ఉపాధ్యాయులు. నాకు తెలిసి మీ జాబితాలో వీరెవరూ లేరు. ఆ ఖాళీని దాచకుండా నివేదిక మొదటి పేజీలోనే చెప్పడం మీ పరిశోధనకు గౌరవమే.

రెండో విడత చేస్తానన్నారు కనుక నాకు తోచింది చెబుతాను. "పాలన", "భాగస్వామ్యం", "చట్టబద్ధత" అనే మాటలను ఫారం నుంచి పూర్తిగా తీసేయండి. అభిప్రాయం అడగవద్దు, జరిగింది అడగండి. గత నెలలో ఏ వెబ్‌సైటులోనైనా తెలుగు సరిగా కనబడలేదా, పేరు రాస్తే తీసుకోలేదా, ఒత్తు ఊడిపోయిందా, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే గజిబిజి అయిందా, అప్పుడు ఏం చేశారు, ఎవరికి చెప్పారు? ఈ చివరి రెండు ప్రశ్నలే మీ అసలు సర్వే. "ఎవరికీ చెప్పలేదు, ఎవరికి చెప్పాలో తెలియదు" అన్న సమాధానం పది మంది నోట వస్తే, ప్రజా భాగస్వామ్యం గురించి మీకు కావలసిన నిజం అదే. చూపు లేనివారిని అడిగేటప్పుడు, తెలుగు పేజీ తెరిస్తే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతుతో చదువుతోందా, ఇంగ్లీషు గొంతుతో తడబడుతోందా అని తప్పక అడగండి. పేజీ కోడులో ఇది తెలుగు అని తెలిపే చిన్న గుర్తు పెట్టకపోతే అలా జరుగుతుంది. ఆ గుర్తు ఉండాలన్నది వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందేలా డబ్ల్యూ3సీ రూపొందించిన సౌలభ్య మార్గదర్శకాల్లో కనీస స్థాయి నియమం. ప్రమాణం ఉండి అమలు కానివి, ప్రమాణమే లేనివి విడివిడిగా తేలతాయి. రెండింటినీ కలిపేస్తే ఎవరిని నిలదీయాలో తెలియదు.

ఫారం లింకు పంపి ఊరుకోవద్దు. మనిషి దగ్గరికి వెళ్లి, అతని తెర మీదే సమస్యను చూసి, స్క్రీన్‌షాట్ తీసుకొని, మీరే రాసుకోండి. ముప్పై మంది చాలు. ఆ ముప్పైలో నిజంగా ప్రమాణానికి సంబంధించినవి అయిదారు దొరికినా, వాటిని ఇంగ్లీషులో పెట్టి సంబంధిత చోట ఇష్యూగా నమోదు చేయించండి. భారతీయ లిపుల సమస్యల కోసం డబ్ల్యూ3సీ అంతర్జాతీయీకరణ విభాగానికి గిట్‌హబ్‌లో విడిగా చోటు ఉంది, దానికి సభ్యత్వం అక్కరలేదు. ఇంగ్లీషు రాదని ఆపరేటర్ ఆగిపోయే మెట్టు మీ విద్యార్థులు దాటించగల మెట్టే. జవాబు వచ్చినప్పుడు ఆ సంగతి సమస్య చెప్పినవారికి ఫోన్ చేసి చెప్పండి, రాకపోయినా చెప్పండి. కర్నూలు రోడ్డు ఆపరేటర్ నాకు ఇప్పటికీ ఆరు నెలలకోసారి ఫోన్ చేసి, "ఆ శ్రీ సంగతి ఏమైంది సార్" అంటాడు. కొత్త నియమం వచ్చిందని, బ్రౌజర్లను తాజాగా ఉంచుకోమని చెప్పాను. దుకాణంలో పాత కంప్యూటర్లు మార్చే స్తోమత లేదన్నాడు; అది సర్వేలో ఏ గడిలో పడుతుందో మీరే చూసుకోవాలి.

ఒక్క సంగతి మరిచిపోయాను. పెళ్లిళ్ల ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు డీటీపీ దుకాణాలకు వెళ్లకండి. శుభలేఖల ఒత్తిడిలో మీ మొహం కూడా చూడరు. ఆషాఢంలో వెళ్లండి, టీ తెప్పించి మరీ మాట్లాడతారు.